నిమిషం ఆగి వచ్చే చప్పుడు

సూళ్లూరుపేటలో రాకెట్ చూడటానికి మిద్దె ఎక్కితే చాలు. తూర్పున పులికాట్ సరస్సు అవతల, శ్రీహరికోట వైపు, ముందు వెలుగు లేస్తుంది. చప్పుడు రాదు. ప్రయోగ వేదిక ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది కాబట్టి నిమిషానికి పైగా ఆగాలి. ఆ నిమిషంలో రాకెట్ మబ్బుల్లోకి పోతుంది, పొగచార మిగులుతుంది, పిల్లలు ఇక అయిపోయిందని మెట్లు దిగబోతుంటారు. అప్పుడొస్తుంది. ముందు కిటికీ అద్దానికి తెలుస్తుంది, తర్వాత రొమ్ముకు తెలుస్తుంది, ఆ తర్వాతే చెవికి. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచిన రోజు మా మామ వాళ్ల మిద్దె మీద నిలబడి నేనూ అలాగే అంకెలు లెక్కపెట్టాను.

చప్పుడు ఆగాక మామ నా వైపు తిరిగి, "ఇది విన్నోడికి నీ లక్ష రూపాయల స్పీకర్ల గురించి ఏం చెప్తావు అబ్బయా?" అన్నాడు.

మామ ముప్పై ఏళ్లు మైక్ సెట్టు నడిపాడు. వాకాడు, కోట, తడ, నాయుడుపేట చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఎన్నికలు, హరికథలు అన్నిటికీ ఆయన గొట్టాలే. ఇప్పుడు రొయ్యల గుంటలు చూసుకుంటున్నాడు. రాత్రి మంచం మీద పడుకునే, నాలుగు ఏరియేటర్లలో ఏ మోటారు బేరింగు అరుగుతుందో చెప్పగలడు. ఖరీదైన ఆడియో అంటే ఆయనకు నమ్మకం లేదు. నాకుంది. మా ఇద్దరి మధ్య ఈ వాదన చాలా ఏళ్ల నుంచి సాగుతోంది. ఎంత పెట్టి కొన్నా గొట్టంలోంచి వచ్చేది గాలే గదా అని ఆయన మాట.

ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ఎందుకంటే ప్రపంచంలో ఈ సంగతిని శ్రద్ధగా పరీక్షించినవాళ్లు చాలాసార్లు మామ వైపే తేల్చారు. 1978లో బ్రిటన్‌లో క్వాడ్ కంపెనీ ఆంప్లిఫయర్లు మూడింటిని, ఒకటి పాత వాల్వులది, రెండు ట్రాన్సిస్టర్లవి, పేర్లు తెలియనివ్వకుండా చెవి తిరిగిన పెద్దలకు వినిపించారు. ఏది ఏదో వాళ్లు నిలకడగా చెప్పలేకపోయారు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు అచ్చువేసిన ప్రయోగం ఇంకా గట్టిది. మామూలు సీడీ నాణ్యతకూ, దానికంటే ఎంతో వివరంగా రికార్డయిన ఖరీదైన డిస్కులకూ తేడా తెలుస్తుందా అని మంచి సామాన్లున్న గదుల్లో 554 సార్లు అడిగారు. సరైన జవాబు 276 సార్లు వచ్చింది. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే వస్తుంది.

వయొలిన్ల సంగతి నాకు మరీ ఇష్టం. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మూడు ఇటలీ పాతకాలపు మహానుభావులు చేసినవి. గది చీకటి చేశారు. కళ్లకు వెల్డింగు అద్దాల్లాంటివి పెట్టారు. పాత కర్ర వాసన పట్టేస్తారేమోనని గడ్డం ఆనించే చోట సెంటు కూడా రాశారు. ఇంటికి తీసుకెళ్లమంటే ఏది తీసుకెళ్తారని అడిగితే ఎక్కువమంది కొత్తవాటినే కోరారు. అన్నిటికంటే తక్కువ మెప్పు పొందింది ఒక స్ట్రాడివేరియస్. ఆ సెంటు చుక్క పెట్టిన మనిషికి నేను దణ్ణం పెడతాను. సందేహాన్ని అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పాటించడం కూడా ఒక పనితనమే.

నేనీ సంగతులు చెబితే మామ ఆశ్చర్యపోలేదు. "పెళ్లివాళ్లు సౌండు బాగాలేదంటే నేనేమీ మార్చేవాణ్ణి కాదు. వాల్యూము రవ్వంత పెంచేవాణ్ణి. ఇప్పుడు బాగుంది అనేవాళ్లు" అన్నాడు. ప్రయోగశాలల్లో రెండు పరికరాలను పోల్చే ముందు మొట్టమొదట చేసే పని, రెండింటి గొంతూ డెసిబెల్‌లో పదోవంతుకు అటూ ఇటూ కాకుండా సరిచూడటం. లేకపోతే కొంచెం గట్టిగా మోగిందే నెగ్గుతుంది. మామ తిరునాళ్లలో నేర్చుకున్నది అదే.

అయితే ఆ పరీక్షలు మామకు పూర్తిగా చుట్టాలు కావు. స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి కథ తిరుగుతుంది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు 1994లో కొన్ని స్పీకర్లను తెర వెనక పెట్టి ఒకసారి, కళ్లెదుట పెట్టి ఒకసారి వినిపించారు. కళ్లకు కనబడగానే మార్కులు మారాయి. పెద్దగా, ఖరీదుగా కనిపించేవాటికి పెరిగాయి. చిన్నగా, చవగ్గా ఉన్న పెట్టెకు తగ్గాయి. అది ఒక సగం. రెండో సగం ఏమిటంటే, తెర వెనక ఉన్నప్పుడు కూడా జనం స్పీకర్లను వేరుచేసి చెప్పగలిగారు. మంచి స్పీకరుకు మంచిదని, చెడ్డదానికి చెడ్డదని చాలావరకు ఏకాభిప్రాయం వచ్చింది. ఆంప్లిఫయరు మారిస్తే తెలియని చెవికి స్పీకరు శంకువు మారితే తెలుస్తోంది. గాలిని తోసే చోట చేసిన పని చెవికి అందుతుంది, దానికి ముందు ఎక్కడో పెట్టెలో పెట్టిన బంగారు పూత అందదు. నేనిన్నాళ్లూ మామతో వాదించాల్సింది ఈ మాట. అప్పట్లో నాకు తెలియక ఖరీదైన తీగల తరఫున కూడా వాదించాను.

కిందటి సంక్రాంతి సెలవల్లో మామను సినిమాకు తీసుకెళ్లాను. దూరం పోనక్కర్లేదు. సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారి పక్కనే వి ఎపిక్ థియేటరు ఉంది. 2019 ఆగస్టు 30న, 'సాహో' విడుదలైన రోజున తెరుచుకుంది. అప్పటికి ఈ ఊరు నెల్లూరు జిల్లా. 2022 నుంచి కాగితాల్లో తిరుపతి జిల్లా అయినా మాటలోనూ పులుసులోనూ నెల్లూరే. తెర వెడల్పు సుమారు 100 అడుగులు, ఎత్తు 54. ఆరువందల పైచిలుకు సీట్లు. ఎపిక్ అనేది చెన్నైకి చెందిన క్యూబ్ సంస్థ పెద్ద తెరల కోసం కూర్చిన పద్ధతి. దానికి మొదటి ఇల్లు ముంబయిలోనో హైదరాబాదులోనో కాక, చెన్నై లోకల్ రైలు వచ్చి ఆగే ఈ ఊరి పొలిమేరలో కట్టారు. శబ్దానికి డాల్బీ అట్మాస్.

మామ లోపలికి రాగానే తెర చూడలేదు. తల ఎత్తి కప్పు చూశాడు, గోడలు చూశాడు, తర్వాత కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సినిమా ఇంకా మొదలవలేదు. కాసేపాగి, "ఏసీ తిరుగుతుందా?" అన్నాడు. ఒంటికి చల్లగా తగులుతోంది. చెవికి ఏమీ లేదు.

ఈ ఏమీ లేకపోవడం గురించి నాకు కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. పెద్ద హాలులో గాలి కదలాలంటే మోటార్లు తిరగాలి. ఇరుకు గొట్టంలోంచి గాలిని వేగంగా తోస్తే ఈల వేస్తుంది. అందుకని గొట్టాలు వెడల్పు చేసి గాలిని నెమ్మదిగా నడిపిస్తారు. గొట్టం లోపల శబ్దాన్ని మింగే పొర వేస్తారు. మోటార్లను గోడకు నేరుగా బిగించకుండా రబ్బరు మీదో స్ప్రింగుల మీదో కూర్చోబెడతారు, వాటి అదురు గోడలోకి ఎక్కకుండా. గోడలకు గ్లాస్ ఊల్, దాని మీద గుడ్డ. లారీలు పోయే రహదారి పక్కన కడితే గోడ మందం కూడా పెరుగుతుంది. ఇదంతా టికెట్టు కొన్నవాడికి ఒక్క ముక్క కనబడదు, వినబడదు. వినబడకపోవడం కోసమే పెట్టిన ఖర్చు అది. మంచి పరుపు మీద పడుకున్నవాడికి పరుపు గుర్తుకురాదు, అలాంటిది. తర్వాత సినిమాలో ఒకామె గుసగుసగా పలికిన మాట వెనక వరుస దాకా వచ్చిందంటే, ఆ గుసగుసను పెంచినందుకు కాదు. దాని చుట్టూ ఉన్న హోరును తీసేసినందుకు.

ఇక తెర. సినిమా తెర దగ్గరికి వెళ్లి చూస్తే సన్నని చిల్లులుంటాయి, ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు పాటి. మొత్తం తెరలో ఆ చిల్లుల వంతు నూటికి ఐదు లోపే. దూరానికి కంటికి ఆనవు. స్పీకర్లు ఆ తెర వెనకే ఉంటాయి, మాట నోట్లోంచి వచ్చినట్టుండాలని. లావు స్వరాలు చిల్లుల సంగతి పట్టించుకోకుండా దాటేస్తాయి. సన్న స్వరాలు, స, ష, తాళం చప్పుడు, కొంత తెరకే తగులుకుంటాయి. ఎంత పోతుందో కొలిచి, పోయినంత ముందే కలిపి పంపుతారు. ఇది కూడా ఎవరికీ కనబడని లెక్క.

ఎందుకు అంత పెద్ద సామాను అని అడిగితే జవాబు తాటిచెట్టు దగ్గరుంది. వినబడే స్వరాల్లో అతి లావైనది, సెకనుకు 20 సార్లు ఊగేది, దాని అల పొడవు 17 మీటర్లు. మన తాటిచెట్టంత. సెకనుకు 10,000 సార్లు ఊగే సన్న స్వరం అల మూడున్నర సెంటీమీటర్లు, ఉసిరికాయంత. తాటిచెట్టునూ ఉసిరికాయనూ ఒకే గొట్టంలోంచి విసరమంటే ఎవడి వల్లా కాదు. అందుకే లావు స్వరాలకు పద్దెనిమిది అంగుళాల శంకువులు, సన్నవాటికి పలచని లోహపు పొరకు బిగించిన హారన్లు. ఆ హారను మూతి వంపు ఇష్టమొచ్చినట్టు గీసింది కాదు. శబ్దం కుర్చీల మీదికే పోవాలి, కప్పుకూ పక్కగోడలకూ తక్కువ తగలాలి. అడ్డంగా ఎంత విప్పారాలి, నిలువునా ఎంత అణగాలి అని లెక్కకట్టి చేసిన వంపు.

ఇక్కడ మామ పాత విద్య గుర్తొస్తుంది. ఆయన దగ్గర లెక్కలు లేవు, గాలి ఉంది. మా తీరంలో మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి లోపలికి తోలుతుంది. గొట్టాన్ని ఊరికి పడమటి చివర కట్టి తూర్పుకు తిప్పితే ఎదురుగాలికి శబ్దం పైకి వంగిపోతుంది, రేవులోవాళ్లకు ముక్క అందదు. తూర్పు చివర కొబ్బరిచెట్టుకు కట్టి పడమరకు తిప్పితే అదే గొట్టం రెండు రెట్ల దూరం పోతుంది. రాత్రి నేల చల్లబడితే ఇంకోరకం. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా నేలను పట్టుకుని నడుస్తుంది. హరికథ నాలుగు ఊళ్ల అవతలికి వినబడేది అప్పుడే. ఆయన రాత్రి పదింటికి గొంతు తగ్గించేవాడు. అందరూ పక్క ఊరివాళ్ల గొడవకు భయపడి అనుకునేవాళ్లు. ఆ రాత్రి గాలికి అంత అక్కర్లేదని ఆయనకు తెలుసు. చవక సామానుతో ఖరీదైన పని చెయ్యడం అంటే నాకు ఇదే.

థియేటరులో గాలి కట్టేసి ఉంటుంది. అక్కడి చిక్కు దూరం. తెర దగ్గర పుట్టిన శబ్దం నూరడుగుల అవతలి సీటుకు చేరడానికి సెకనులో పదకొండో వంతు పడుతుంది. సినిమా బొమ్మ సెకనుకు 24 సార్లు మారుతుంది, అంటే ఆలోపు రెండు బొమ్మలు మారిపోతాయి. పెదవి ముందు కదిలి మాట తర్వాత వస్తే చూసేవాడికి చిరాకు. అందుకని ముందు వరుసకూ వెనక వరుసకూ మధ్య ఎక్కడో ఒకచోటును ఎంచుకుని అక్కడికి సరిపెడతారు. పక్కగోడ మీది స్పీకరు సంగతి ఇంకా చిక్కు. అది మనిషికి దగ్గర. తెర మాట కంటే దాని చప్పుడు ముందే చేరిపోతే మనసు అటు తిరుగుతుంది. మనిషి చెవికి ఒక గుణం ఉంది, హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లో దాన్ని వివరంగా కొలిచాడు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందొచ్చిన వైపే అంతా వస్తున్నట్టు వింటాం. వెనకొచ్చింది గట్టిగా ఉన్నా సరే. కాబట్టి పక్కగోడ స్పీకర్లను కావాలని కొన్ని మిల్లీసెకన్లు ఆపి పలికిస్తారు. రాకెట్ వెలుగుకూ చప్పుడుకూ మధ్య నిమిషం లెక్కపెట్టే ఊళ్లో, సెకనులో వందో వంతును కూడా వదలకుండా సరిచేసిన హాలు ఉండటం నాకు ముచ్చటగా ఉంటుంది.

అట్మాస్ పద్ధతి 2012లో వచ్చింది. అంతకుముందు శబ్దాన్ని ఫలానా వరుస స్పీకర్లకు అని పంపేవాళ్లు. ఇందులో వాన చినుకును గదిలో ఫలానా చోట అని రాసిపెడతారు. ఏ స్పీకరు ఎంత పలకాలో ఆ హాలులోని యంత్రం అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. ఒకేసారి 128 శబ్దధారల దాకా, 64 స్పీకరు దారుల దాకా. గొప్ప ఊహే. కానీ స్పీకరు ఒక్కటి ఒక అడుగు పక్కకు బిగించినా, ఒక్కదాని గొంతు కొంచెం తగ్గినా ఆ చినుకు గాల్లో తప్పిపోతుంది. కాబట్టి మళ్లీ మనిషి చెయ్యే దిక్కు. హాలు కట్టాక ఒకరు మైకులు సీట్ల మధ్య అక్కడక్కడా నిలబెట్టి, పింక్ నాయిస్ అనే హోరును ఒక్కో స్పీకరులోంచి పలికిస్తారు. మైపాడు ఒడ్డుకు అరమైలు ఇవతల నిలబడితే వినిపించే సముద్రం అది, అన్ని స్వరాలూ కలిసిన హోరు. తెర వెనక స్పీకర్లు ఒక్కొక్కటీ సీట్ల దగ్గర 85 డెసిబెళ్లకు రావాలి. ఖాళీ హాలులో గంటల తరబడి ఆ సముద్రాన్ని వింటూ మరలు తిప్పే మనిషి పేరు ఏ టైటిల్స్‌లోనూ పడదు.

సినిమాలో పేలుళ్లు బోలెడు ఉన్నాయి. వాటికి మామ చలించలేదు. "రాకెట్ కాదు" అని ఒక్క మాట అన్నాడు. నిజమే. ఏ స్పీకరూ ఆ చప్పుడును ఉన్నదున్నట్టు పుట్టించలేదు. దూరం నడిచి వచ్చే దారిలో సన్న స్వరాలను గాలి తినేస్తుంది. మిగిలిన లావు స్వరమే మన మిద్దె దాకా వచ్చి అద్దాన్ని కదుపుతుంది. అంత గాలిని కదపడానికి వందల టన్నుల ఇంధనం కాల్చారు. హాలులో దానికి నీడ మాత్రం దొరుకుతుంది.

ఆయన్ని కదిపింది వేరే. సినిమా మధ్యలో ఒక పాత పాట కొద్దిసేపు వినిపించింది, గాయకుడు ఎస్పీ బాలుది. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి అబ్బాయి గొంతు. మామ కళ్లు తెరిచి ముందుకు వంగాడు. నేను ఆ పాటను రేడియోలో, క్యాసెట్‌లో, ఫోనులో వందలసార్లు విన్నాను. ఏ పరికరమూ పాటను చంపలేకపోయింది, ఎందుకంటే మనిషి మాట బతికేది మధ్య స్వరాల్లో. టెలిఫోను సెకనుకు 300 నుంచి 3400 సార్లు ఊగే స్వరాలను మాత్రమే మోసేది, అయినా గొంతు గుర్తుపట్టేవాళ్లం కదా. అందుకే శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు 'శంకరాభరణం' పాడి 1980లో దేశం చేత శెభాష్ అనిపించుకున్నప్పుడు, దాన్ని విన్న లక్షలమందిలో ఎక్కువమంది విన్నది అరచేతి పాటి స్పీకరులోనే. ఎవరికీ ఏమీ తక్కువకాలేదు.

కానీ ఆ రోజు హాలులో నాకు తక్కువైంది ఏమిటో తెలిసింది. చరణం మొదట్లో ఆయన గాలి పీల్చుకోవడం వినబడింది. పల్లవి చివర నవ్వు పెదవి మీదికి రాబోయి ఆగడం వినబడింది. మైకుకు ఎంత దగ్గరగా రావాలో, ఎక్కడ మొహం కొంచెం పక్కకు తిప్పి 'ప' కారపు గాలిని తప్పించాలో తెలిసిన మనిషి చేసిన పని అది. దశాబ్దాల కింద ఏ మద్రాసు స్టూడియోలోనో ఎవరో ఇంజనీరు జాగ్రత్తగా పట్టి పెట్టాడు. ఇన్నాళ్లూ టేపులో అది ఉంది. చేరాల్సిన చివరి గజం దూరంలో, స్పీకరుకూ చెవికీ మధ్య, పోతూ ఉంది. ఖరీదైన సామాను కొత్తగా ఏమీ కలపలేదు. ఆయన చేసింది ఆయన చేసినట్టు దాటనిచ్చింది.

అలాగని ప్రతి ఇంట్లో అంత ఖర్చు పెట్టాలని నేననను. పది పన్నెండు అడుగుల గదిలో మంచి స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చినా చెవి నిండుతుంది. శక్తి రెట్టింపు చేస్తే మూడు డెసిబెళ్లే పెరుగుతుంది, పది రెట్లు చేస్తేగానీ గొంతు రెట్టింపయినట్టు తోచదు. వెయ్యి వాట్ల లెక్క నూరడుగుల హాలుకు అవసరం, పడగ్గదికి కాదు. ఇంట్లో డబ్బుండి పెట్టాలంటే మొదట స్పీకరు మీద, తర్వాత దాన్ని గోడ మూలలోంచి ఇవతలికి జరపడం మీద, ఆ తర్వాత కిటికీకి ఒక మందపాటి పరదా మీద పెట్టమంటాను. తీగ ఇనప సామాన్ల కొట్లో దొరికే రాగి తీగ చాలు.

బయటికి వచ్చాక మామ చాలాసేపు మాట్లాడలేదు. బండి తియ్యబోతుంటే, "ఆ పాట దగ్గర గాలి పీల్చింది విన్నావా?" అన్నాడు. విన్నానన్నాను. "నేను ఆ పాట ఎన్ని పెళ్లిళ్లలో వేసుంటాను అబ్బయా, ఒక్కసారి వినలేదు." ఇంటికెళ్లాక వెనక కొట్టంలోకి పోయి పాత గొట్టం ఒకటి బయటికి తీశాడు. లోపల గూడు కట్టిన సాలెపురుగును పుల్లతో దులిపి, యూనిట్టు విప్పి, పొర చిరిగిందా లేదా అని దీపం కింద పెట్టి చూశాడు. మర్నాడు పొద్దున్నే నాయుడుపేట పోయి కొత్త పొర తెచ్చాడు. వారం తర్వాత ఫోను చేసి, సాయంత్రం గాలి ఎటు తిరుగుతోందో చెప్పి, రమ్మన్నాడు.